బందెలదొడ్డిలో మల్లి

"క్షమించండి. మీకు కలిగిన అసౌకర్యానికి నేను చాలా బాధపడుతున్నాను."

మల్లి ఆ మాట రెండోసారి అనేసరికి చేలో ఉన్న ఆడవాళ్లలో సగం మంది కరిగిపోయారు.

ఆ పక్కనే శ్యామల మిరప సాలులో మోకాళ్ల మీద కూలబడి అరుస్తోంది. రెండు చేతులూ కళ్ల మీదికే పోతున్నాయి. ముత్తక్క ఆ చేతులను తన మోకాలి కింద అదిమిపట్టి, తాగే నీళ్ల బిందె ఎత్తి తోడికోడలి ముఖం మీద ధారగా పోస్తోంది. శ్యామల ఒళ్లో కట్టుకున్న కాయ అంతా నేలపాలైంది. జుట్టు తడిసింది, జాకెట్టు తడిసింది, అయినా మందు వాసన పోవడం లేదు. కుళ్లిన వెల్లుల్లి వాసన.

"నులమకే శ్యామలా! నులిమితే కండ్లు పోతయే!"

"మండుతున్నయక్కా... నా దిక్కే సూసింది... ఆగుతదనుకున్న..."

"మాట్లాడకు. నోట్ల పడ్తది. ఉమ్మెయ్."

మల్లి మనిషి కాదు. మందు కొట్టే రోబో. నాలుగు చక్రాల మీద నడుమెత్తు పెట్టె, వెనక మందు ట్యాంకు, రెండు పక్కలా చాచిన గొట్టాలు. ముందు ఒక తెర. ఆ తెర మీద రెండు పెద్ద కళ్లు, వాటికి కాటుక గీసినట్టు రెప్పలు. రెప్పలు ఆర్పుతుంది. పేరు పెట్టింది కంపెనీ. గొంతు పెట్టింది కంపెనీ. పెళ్లీడు పిల్ల గొంతు. "అక్కా, కొంచెం పక్కకు జరుగుతారా?" అని అడిగేది. మనిషి ఎదురుపడితే తానే ఆగి మందు ఆపేది. అందుకే ఒక పక్క కోత, ఇంకో పక్క మందు, రెండూ ఒకే రోజు కానిచ్చుకోవచ్చని రైతు గంగయ్యకు చెప్పి, కిరాయికి అంటగట్టారు. మందు కొట్టే చేలోకి మనిషిని దింపకూడదని పసిపిల్లకు కూడా తెలుసు. కానీ కళ్లున్న పిల్ల చూసి నడుస్తుందిలే అనుకున్నారు అందరూ. ముత్తక్క కూడా అనుకుంది.

మల్లి నుదుటి మీద కుంకుమ ఇంకా తడిగానే ఉంది. కోత మొదలుపెట్టే రోజు తొలి చెట్టుకు పసుపు కుంకుమ పెట్టడం ఇప్పలగుంపు ఊరి ఆడవాళ్ల అలవాటు. పొద్దున శ్యామల చెట్టుకు పెట్టి, వేలికి మిగిలింది మల్లి రెండు కళ్ల మధ్య ఉన్న నల్లటి చుక్క మీద అద్దింది. "ఇది గూడ మన గుంపుల పిల్లనే కదనే" అంది. అందరూ నవ్వారు.

"అయ్యో, బాధపడుతుందే పాపం," అంది వెనక నుంచి మరియ. "సూడు, కండ్లు కిందికేసింది."

నిజమే. తెర మీది కళ్లు కిందికి వాలాయి. ముత్తక్క తలెత్తి చూసింది. చేతిలో ఖాళీ బిందె ఉంది. దాన్ని ఆ తెర మీదికి విసరకుండా ఎట్లా ఆగిందో ఆమెకే తెలియదు.

"మరియా! దాని కండ్లు తర్వాత సూద్దువు గని, బోరు కాడికి పోయి నీళ్లు తేపో! జల్దీ!"

మల్లిని నడిపే కుర్రాడు సతీష్ పాల్వంచ వాడు. చెట్టు కింద ఫోనులో కంపెనీతో మాట్లాడి పరుగున వచ్చాడు. శ్యామల దగ్గరికి రాలేదు. మల్లి దగ్గరికి పోయాడు. నుదుటి మీది కుంకుమ గుడ్డతో తుడిచాడు. దాన్ని కాలవ గట్టుకు తోలుకుపోయి, ట్యాంకు కింద బిరడా తీసి మందంతా పారబోసి, రెండుసార్లు కడిగాడు. ట్రాలీ ఆటోలో శ్యామలను పడుకోబెడుతూ ముత్తక్క అది చూసింది. చూసింది గానీ, అప్పుడు దాని అర్థం తట్టలేదు.

*

మరునాడు పొద్దున శ్యామల మొగుడు నాగరాజు ఖమ్మం పెద్ద దవాఖానా నుంచి ఫోన్ చేసేసరికి ముత్తక్క గంగయ్య కల్లం దగ్గర ఉంది. కోతకు రాలేదు. ఆమె వెనక వచ్చిన ఆడవాళ్లు కూడా బుట్టలు దింపలేదు. గుంపుకు మేస్త్రి ముత్తక్క. ఆమె చేలో దిగితేనే మిగతావాళ్లు దిగుతారు.

"వదినా, డాక్టరమ్మ ఒక్కటే అడుగుతుంది. ఏం మందు పడ్డదని. వాంతులు ఆగినయ్. కంటి మంటే ఆగుతలేదు. కుడికన్ను గుడ్డు తెల్లగైంది. అండ్ల ఏమేం కలిపిన్రో తెలిస్తే దానికి తగ్గట్టు సూస్తరంట. తెల్వకుంటే రెండోది గూడ నమ్మకం లేదంటుంది. డబ్బా ఫోటో పెట్టమంటుంది."

డబ్బా. ముత్తక్కకు కాలవ గట్టున పారిన నురగ గుర్తొచ్చింది. అదెందుకు పారబోశాడో ఇప్పుడు తట్టింది.

"అడిగి చెప్త నాగరాజూ. ఫోన్ చేతిలనే పెట్టుకో."

సతీష్ గొట్టం మూతులు విప్పి సూదితో పొడుస్తున్నాడు. మల్లి పక్కనే నిలబడి రెప్పలు ఆర్పుతోంది.

"ఏం మందు తమ్మీ?"

"అక్కా, ఒట్టు, నాకు తెల్వదు. నీలం డ్రమ్ముల వస్తది. మీద కాయితం గూడ ఉండదు. తామర పురుగుకని ఆఫీసుల్నే కలిపి పంపుతరు. నేను పోస్త. ఇది కొడ్తది. గంతే."

"మరి కడిగి ఎందుకు పారబోసినవ్?"

సతీష్ సూది వంక చూశాడు. "కడగమన్నరు."

"అన్నోడికి ఫోన్ కొట్టు. అందరికి ఇనబడేటట్టు పెట్టు."

ఖమ్మం ఆఫీసు మేనేజరు జైరాం గొంతు మెత్తగా వచ్చింది. "చూడమ్మా, జరిగింది దురదృష్టం. మాకూ బాధగానే ఉంది. కానీ మల్లి మామూలు మిషన్ కాదు. దానికి తెలివి ఉంది. తనంతట తనే చూసుకుని, తనే నిర్ణయం తీసుకుంటుంది. నిన్న ఆ నిర్ణయం కొంచెం తప్పింది. ఇంకా నేర్చుకునే దశలో ఉంది. చిన్నపిల్ల అనుకోండి. సారీ కూడా చెప్పింది కదా."

"చిన్నపిల్ల తప్పు జేస్తే దాని అవ్వనో అయ్యనో అడుగుతం సారూ. నువ్వేమైతవ్ దానికి?"

ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. జైరాం గొంతులో మెత్తదనం పోయింది.

"అసలు దాని నుదుటి మీద కుంకుమ ఎవరు పెట్టారు? అదే దాని అసలు కన్ను. తెర మీద కనిపించేవి ఉత్త బొమ్మలు. కెమెరా ఆ నల్ల చుక్కలో ఉంటుంది. మీరే దాని కన్ను మూసేసి, మమ్మల్ని అడుగుతున్నారా?"

కల్లం మీద నవ్వు ఆగిపోయింది. ముత్తక్క మల్లి వైపు చూసింది. శ్యామల చెయ్యి ఊపింది ఆ బొమ్మ కళ్లకు. ఆగుతుందని నమ్మింది ఆ బొమ్మ కళ్లను చూసి. చూసే కన్ను ఏదో చెప్పకుండా, చూడని కళ్లను అంత పెద్దగా గీసి ఊళ్లోకి తోలారు.

"అది తర్వాత తేల్చుకుందం," అంది. "ముందుగాల మందు పేరు చెప్పు. అక్కడ కన్ను పోతుంది."

"అది కంపెనీ విషయమమ్మా. పెద్దవాళ్లను అడగాలి." ఫోన్ తెగింది.

గంగయ్య ఎండుమిర్చి తిరగేసే దంతె పక్కన పెట్టి వచ్చాడు. "ముత్తక్కా, నువ్వు జెప్పింది నాయమే. గని సగం చేను పండి ఉన్నది. కాయ రాలిపోతది. ఇయ్యాల దిగున్రి, నేను గూడ సారుతోని మాట్లాడుత."

"నిన్న మాట్లాడినవా?"

గంగయ్య మళ్లీ దంతె అందుకున్నాడు.

మరియ మెల్లగా దగ్గరికొచ్చింది. ఈ గొడవంతా ఆమెకు భయం. "ముత్తక్కా, ఎట్లనో అయిపోయింది. క్షమాపణ అడిగినోళ్లను క్షమించాలంటరు మా పాస్టరయ్య. అది నోరు తెరిసి అడిగింది. మనిషి గూడ అంత మంచిగ అడగడు."

"అడిగింది ఎవ్వరే?"

"మల్లి."

"సరే. మల్లినే అడుగుదం." ముత్తక్క పెట్టె ముందుకు వెళ్లి, తెర మీది కళ్లను వదిలేసి నల్ల చుక్క వైపు వంగింది. "మల్లీ, నిన్న నీ కడుపుల ఏం పోసిన్రు?"

"క్షమించండి అక్కా. ఆ సమాచారం నా దగ్గర లేదు. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఇన్నవా మరియా? బాధపడుడు తెలుసట. దేనికి బాధపడుతుందో తెల్వదట. గిసొంటి బాధ గంగయ్య తానగూడ ఉంది. జైరాం తానగూడ ఉంది. అందరు బాధపడుతున్నరు, మందు పేరు మాత్రం ఒక్కడు చెప్తలేడు." ఆమె గుంపు వైపు తిరిగింది. "గొడ్డు ఒకరి చేన్ల పడి మేస్తే గొడ్డును కొడ్తమా?"

"కొడ్తే ఏమొస్తది?" అంది ఎవరో.

"ఏం జేస్తం?"

"బందెలదొడ్డిల కడ్తం."

"ఎందుకు?"

జవాబు అందరికీ తెలుసు. గొడ్డు ఆకలైతే యజమాని తనంతట తనే వెతుక్కుంటూ వస్తాడు. ఎవరి గొడ్డని ఇంటింటా అడగనక్కర్లేదు.

"మల్లీ," అంది ముత్తక్క. "నాతో రా."

సతీష్ అందరికీ ఆడించి చూపించిన ఆటే అది. ఎవరు పిలిస్తే వాళ్ల వెనక నడుస్తుంది. "తప్పకుండా అక్కా," అంది మల్లి. చక్రాలు కదిలాయి. కల్లం దిగి, బండ్లబాట పట్టి, ముత్తక్క వెనక లేగదూడలా నడిచింది. దాని వెనక గుంపంతా. సతీష్ చేతిలో ఫోన్ ఉంది. ఒక్క బటన్ నొక్కితే అది ఉన్నచోటే ఆగిపోతుంది. అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

బందెలదొడ్డి బడి వెనక ఉంది. రాతిగోడ ఒక పక్క ఒరిగిపోయింది గానీ గేటు గట్టిదే. ఊళ్లో గొడ్లు తగ్గిపోయాయి. అందులో ఇప్పుడు తుమ్మ మొలకలు తప్ప ఏమీ లేవు. కావలి జంపయ్య తాళంచెవి మాత్రం మొలతాడుకు కట్టుకునే తిరుగుతాడు. వాకిట్లో నులక మంచం బిగిస్తున్నవాడు లేచి వచ్చి, మల్లి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇదేం పసరమే కోడలా?"

"శ్యామల కండ్లల్ల మందు గొట్టిన పసరం మామా. యజమాని బయటికి వస్తలేడు."

"మేత ఏంది?"

"కరెంటు."

"అట్లయితే ఉపాసమే," అని జంపయ్య తాళం తీశాడు. మల్లి లోపలికి పోయాక నులక తాడు తెచ్చి ముందు చక్రానికి రెండు చుట్లు చుట్టి గుంజకు కట్టాడు. ముడి బిగించి, ఎందుకైనా మంచిదని ఇంకో ముడి వేశాడు. ముత్తక్క సతీష్ ఫోన్ అడిగి తీసుకుని జైరాంకు తానే చేసింది.

"నీ పిల్ల మా బందెలదొడ్డిల ఉంది సారూ. మందు పేరు పట్టుకొని రా."

*

తెల్లారి ఊరంతా బందెలదొడ్డి దగ్గరే ఉంది. మల్లి ఏడుస్తోందట.

ముత్తక్క వచ్చేసరికి ఆడవాళ్లు గోడ పట్టుకుని లోపలికి వంగి చూస్తున్నారు. తెర మీద కళ్లు సగం మూతపడ్డాయి. ఒక కంటి కింద నీలం బొట్టు, కన్నీటి చుక్కలాంటిది, జారుతోంది, మళ్లీ పుడుతోంది, మళ్లీ జారుతోంది.

"నా శక్తి తగ్గిపోతోంది. దయచేసి నాకు సహాయం చేయండి. నా శక్తి తగ్గిపోతోంది..."

"ఇడిసిపెట్టరాదే ముత్తక్కా," అంది ఒక ముసలామె. "నోరున్నది. ఉసురు తగుల్తది."

ఇంకొకామె అప్పటికే గోనెపట్టా తెచ్చి ఎండ తగలకుండా కప్పబోతోంది. మరియ కళ్లు తుడుచుకుంటోంది. ముత్తక్క ఛాతీలో కూడా ఏదో కలుక్కుమంది. ఆ గొంతు అట్లాంటిది. పొద్దున పాలకు ఏడ్చే పిల్ల గొంతు. తనలో కలిగిన ఆ జాలిని చూసుకునే ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎవడో ఎక్కడో కూర్చుని, ఈ ఆడవాళ్ల గుండె ఎక్కడ మెత్తగా ఉంటుందో వెతికి, సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు.

"శ్యామల గిట్లనే ఏడ్సింది," అంది. "నిన్న దవాఖానకు ఎవరు పోయిన్రే? పాలు పట్టుకొని ఎవరు పోయిన్రు? గోనెపట్టా ఎవరు కప్పిన్రు?"

గోనెపట్టా కప్పబోయినామె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆమె గేటు తోసుకుని లోపలికి పోయింది. భుజం మీది తువాలు తీసి తెర మీద పరిచి, అంచులు వెనక్కి దోపింది. కళ్లు పోయాయి. కన్నీటి చుక్క పోయింది. గొంతు మాత్రం వస్తూనే ఉంది.

"ఇటు రాన్రి. దగ్గరికి రాన్రి. ఆ మాట ఏడికెల్లి వస్తుందో సూడున్రి."

ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. మాట తువాలు వెనక నుంచి రావడం లేదు. కింద, ముందు చక్రం పక్కన, బురద అంటిన రేకుకు సన్నటి చిల్లులున్నాయి. అందులోంచి వస్తోంది. మరియ చెవి ఆనించి వింది. చెయ్యి పెట్టి ఆ చిల్లులు మూసింది. గొంతు చిన్నదైంది. చెయ్యి తీసింది. పెద్దదైంది. ఇంకోసారి మూసి, తీసి చూసింది. గోనెపట్టా తెచ్చినామె దాన్ని మడిచి చంకలో పెట్టుకుంది.

జైరాం కారు అప్పుడొచ్చింది. ఇస్త్రీ చొక్కా, బురద చూసి ఎత్తి వేసే అడుగులు. గోడ ఇవతల నిలబడే అరిచాడు.

"ఏం పిచ్చి పని ఇది? బందెలదొడ్డిలో కట్టేస్తారా? తాడేసి? అదేమైనా పశువా?"

"పశువు కాదా?" అంది ముత్తక్క. "మరేంది సారూ?"

"మిషనమ్మా! మిషన్! దానికి ప్రాణముందా, బుద్ధుందా? మనం ఏం చెప్తే అది చేస్తుంది. అంతే!"

ఆడవాళ్లంతా అతని వైపు తిరిగారు. మల్లి ఒక్కతే శక్తి తగ్గిపోతోందని చెప్పుకుంటోంది.

"అందరు ఇన్నరా?" ముత్తక్క గొంతు పెంచలేదు. "నిన్న దానికి తెలివి ఉందన్నవ్. దానంతట అదే జేసిందన్నవ్. చిన్నపిల్లన్నవ్. ఇయ్యాల బుద్ధి లేదంటవ్. చెప్పింది జేస్తదంటవ్. మరి చెప్పింది ఎవ్వరు సారూ?"

జైరాం జేబులోంచి ఫోన్ తీశాడు. "నేను పోలీసులను పిలుస్తా."

"పిలువు. ఆళ్ల ముందట గూడ ఇదే మాట అను. దానికి బుద్ధి లేదను. మేమంత సాచ్చెం."

"మీరు దాని కెమెరా మీద కుంకుమ..."

"ఆగు సారూ." మాట్లాడింది మరియ. ముత్తక్కను దాటి ముందుకు వచ్చింది. "బొట్టు పెడ్తుంటే మీ సతీష్ ఫోటో దీసిండు. నవ్వుకుంట దీసిండు. అదే కన్ను అని అప్పుడెందుకు చెప్పలే? మాకు కండ్లు చూపిచ్చింది మీరు కాదా?"

జైరాం సతీష్ వైపు చూశాడు. సతీష్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చేతిలో ఏమీ లేకపోయినా ఏదో తుడుచుకుంటున్నట్టు అరచేతులు రుద్దుకున్నాడు.

"తీసిన సార్. మీకే పంపిన. మీరు మన కంపెనీ నెట్ పేజీల గూడ పెట్టిన్రు. కన్ను మూసుకపోయిందని నాకు తట్టలే. మీకూ తట్టలే."

"నోర్ముయ్. రేపటి నుంచి రాకు."

"రాను సార్," అన్నాడు సతీష్. చొక్కా మీద కంపెనీ పేరున్న బిళ్ల పీకి గోడ మీద పెట్టాడు.

జంపయ్య ఇదంతా మంచం పట్టె మీద కూర్చుని వింటున్నాడు. ఇప్పుడు లేచి, గేటు బార్లా తీసి పట్టుకున్నాడు. "ఇగో అయ్యా, ఈ దొడ్డిల పద్ధతి ఒక్కటే. కట్టింది మేము. ఇప్పేది యజమాని. నీదే అంటే లోపలికి వచ్చి నీ చేత్తోని ఇప్పుకో. నీది కాదంటే పో. తుప్పు పట్టేదాంక ఉంటది."

"నాదే," అన్నాడు జైరాం. "కంపెనీది."

"కంపెనీ రాలే కదా. నువ్వొచ్చినవ్," అన్నాడు జంపయ్య.

జైరాం గేటు దాటి లోపలికి వచ్చాడు. బూటు బురదలో దిగబడింది. చక్రం దగ్గర వంగాడు. నులక ముడి అతని చేతికి లొంగలేదు. ముత్తక్క అతని పక్కనే గొంతుకూర్చుని నాగరాజుకు ఫోన్ కలిపింది. "డాక్టరమ్మకు ఇయ్యి." ఫోన్ జైరాం నోటి దగ్గర పెట్టింది. ముడి మీద అతని వేళ్లు ఆగిపోయాయి. చుట్టూ చీరలు, పాదాలు. బయటికి పోయే దారి కనిపించలేదు.

ఇంగ్లీషులో రెండు పేర్లు చెప్పాడు. రెండో పేరు దగ్గర గొంతు పడిపోయింది.

"గట్టిగ," అంది ముత్తక్క.

మళ్లీ చెప్పాడు. అవతల డాక్టరమ్మ ఏదో గదమాయించి అడిగింది. అతను జవాబు చెప్పాడు, ఇంకోటి అడిగింది, దానికీ చెప్పాడు. ముత్తక్కకు ఆ మాటలు తెలియవు. కానీ అతని మెడ మీద చెమట తెలుసు. డాక్టరమ్మ ఎవరినో పిలిచిన కేక, బండి చక్రాల చప్పుడు ఫోన్‌లో వినిపించాయి. కన్ను దక్కుతుందో లేదో అప్పుడే ఎవరూ చెప్పలేదు. తెలియాల్సింది మాత్రం తెలిసింది.

కాసేపటికి ఫోన్‌లో నాగరాజు కాదు, శ్యామలే పలికింది. మాట నీరసంగా ఉంది.

"అక్కా..."

"ఆఁ, చెప్పే."

"కండ్లకు కట్టు గట్టిన్రు. ఏం కనబడ్తలేదు." ఊపిరి తీసుకుంది. "మల్లి ఎట్లున్నది? దాన్నేమన్న అన్నరా?"

మరియ ముఖం తిప్పుకుంది. ముత్తక్క జైరాం వంక చూసింది.

"మల్లి అనేటిది ఎవ్వరు లేరు శ్యామలా. జైరాం అని ఒకడున్నడు. ఈడనే ఉన్నడు. ఇస్తున్న, మాట్లాడు."

జైరాం వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. ముత్తక్క ఆ చెయ్యి పక్కకు తోసి ఫోన్ అతని చెవికి ఆనించి పట్టుకుంది. ఆడవాళ్లు ఇంకో అడుగు దగ్గరికి జరిగారు.

"ఎవరు?" అని అడిగింది శ్యామల.

జైరాం నులక ముడిని గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరు మాట్లాడేది?"

"నేనమ్మా," అన్నాడు జైరాం. బురదలో ఒక మోకాలు ఆనింది. "మందు పోయించినవాణ్ని."